ఒక్క గంటలో పండిన మెహందీ

హుస్సేన్ వలి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై. పొద్దుగుంకాక వినిపించే మగ్రిబ్ అజాన్‌కు ఇంకా రెండు గంటల చిల్లర ఉంది. ఈలోపల ఈ ఇంటి యజమాని ఒక కాయితం మీద సంతకం పెడితే ఒక ఆడమనిషి జైలుకు పోతుంది. పెట్టకుండా ఆపాలంటే హుస్సేన్ వలి దగ్గర ఇంకా ఒక్క ఆధారమూ లేదు.

కువైట్‌లోని అబ్బాసియాలో మూడో అంతస్తు ఫ్లాటు అది. ఇంటి యజమాని ఖలీల్‌ది రాయచోటి. ఒక కంపెనీలో డ్రైవరు. రేపు శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత అతని కూతురు మిస్బా నిఖా. ఈరోజు మధ్యాహ్నం రెండింటికి ఆ పిల్ల రెండు చేతులూ బొబ్బలెక్కి, పెదాలు వాచి, ఊపిరి బరువై ఆస్పత్రిలో చేరింది. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. ఏం పూశారో చెప్పమని మాత్రం గట్టిగా అడిగాడట. "మెహందీ" అన్నారు వీళ్లు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఆ మెహందీ పెట్టిన జకియా హాలు మూలన, ఫ్రిజ్ పక్కన నేలమీద కూర్చుని ఉంది.

"సలాం వలి భాయ్," ఖలీల్ లేచి నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు రావాల్సిన పనే లేదు. అంతా తేలిపోయినాది. జకియా తమ్ముడు నీకు ఫోన్ జేసినాడని రానిచ్చినా, అంతే."

"కూర్చో ఖలీల్. అరగంట వింటాను. తర్వాత నీ ఇష్టం."

"అరగంట అంటే నాలుగుంబావు," అన్నాడు సోఫాలో కాలు మీద కాలేసుకున్న మనిషి. "ఐదింటికి పోలీస్ స్టేషన్‌లో ఉండాలె మేము. రాసుకో చిచ్చా, నీకు టైములు రాసుకునే అలవాటు గదా."

అతని పేరు అసిఫ్. హైదరాబాదు మనిషి. ఈ పెళ్లికి హాలు, స్టేజి, భోజనాలు, ఫోటోలు అన్నీ ఒకే ప్యాకేజీగా ఒప్పుకున్న కంపెనీకి మేనేజరు. అంతకుముందు ఒక కార్గో కంపెనీలో సెక్యూరిటీ ఇన్‌చార్జిగా ఉండేవాడు. హుస్సేన్ వలి ఇరవై రెండేళ్లుగా మిర్కాబ్‌లో ఒక ఇన్సూరెన్సు ఆఫీసు సర్వేయరు. తడిసిన బియ్యం బస్తా ఓడలో తడిసిందా, గోడౌనులో తడిసిందా అని తేల్చడం ఆయన పని. రెండేళ్ల కిందట అట్లాంటి ఒక కేసులోనే వీళ్లిద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. ఓడిపోయిన అసిఫ్ ఆ ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు. ఇద్దరూ అది మరిచిపోలేదు.

అసిఫ్ ఒళ్లో నీలం ఫైలు. ఫైలు మీద ఒక సెల్‌ఫోను, ఒక బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు.

"అవి ఎవరివి?" అడిగాడు హుస్సేన్ వలి.

"ఆమెవే. పారిపోతదని తీసుకున్న."

"పారిపోయేది తన కాళ్ల మీద తనే మూడంతస్తులు ఎక్కి వస్తుందా?"

అసిఫ్ నవ్వాడు.

హుస్సేన్ వలి జకియా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి ఆమెకు. ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఆ ఇంటి యజమానురాలిని మామా అంటుంది. సెలవు దొరికిన సాయంత్రాలు మెహందీ పెడుతుంది. సొంత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో తప్ప ఇంకో చోట పని చేయడం నేరమని తెలిసీ చేస్తుంది. కేసు పడితే మెహందీ సంగతి ఎవరూ అడగరు. వేలిముద్రలు తీసుకుని ఊరికి పంపేస్తారు. మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

ఆమె పక్కన స్టీలు గ్లాసు నిండా నీళ్లున్నాయి. కింద నాలుగు మడతలేసిన రగ్గు ఉంది. గచ్చు చల్లదనం తగలకుండా ఎవరో వేసి కూర్చోబెట్టారు. ఖలీల్ ఆమె వైపు చూడడానికే ఇష్టపడటం లేదు. అసిఫ్ ఆమె ఫోను లాక్కున్నాడు. మరి కూతురి చేతులు కాల్చిన మనిషికి రగ్గు వేసింది ఎవరు?

ఆ ప్రశ్నను ఆయన లోపలే పెట్టుకున్నాడు.

"ఎన్నింటికి మొదలుపెట్టినావమ్మా?"

"నిన్న సాయంత్రం ఐదింటికి చిచ్చా. మగ్రిబ్ నమాజుకు లేసినాం. మళ్లా కూర్చొని ఎనిమిదిన్నరకు ముగించినా."

"కోన్లు యాడివి?"

"నా చేత్తో నేను చేసుకున్నేవే. ఆకు పొడి, నిమ్మరసం, చక్కెర, నీలగిరి తైలం. ఇంగేమీ ఎయ్యను. మామా వాళ్ల ఫ్రిజ్‌లోనే గడ్డకట్టిస్తా. మామా కూతురికీ అవే పెడతా."

"రంగు ఎప్పటికి పండుతుందని చెప్పినావు?"

జకియా తలెత్తింది. ఈ ప్రశ్న ఇంతదాకా ఆమెను ఎవరూ అడగలేదు. "మంగళవారమే పెడతానన్యా. ఆ సారే కుదరదన్యాడు," అసిఫ్ వైపు కళ్లు తిప్పింది. "మంగళవారం ఫోటోలు ఉండాయంట. అప్పుడు పెళ్లికూతురి అమ్మ అమీనక్కకు ముందే చెప్పినా. అక్కా, గురువారానికి నారింజగానే ఉంటాది, శుక్రవారం నిఖా టయానికి బాగా పండుతాది, తొందరపడొద్దండి అని. నీళ్లు కూడా తగలనీయొద్దన్యా."

"సూడు, కథలు," అన్నాడు అసిఫ్. "పొద్దున పదింటికే నల్లగ పండింది. ఫోటో నా దగ్గరుంది. మసాలా కలపకుంటె అంత తొందరగ ఎట్ల పండుతది?"

"మంచి మాట అడిగావు," అన్నాడు హుస్సేన్ వలి. "ఆ ఫోటో చూపించు."

అసిఫ్ తన ఫోను అందించాడు. కాబోయే అత్తగారు వచ్చినప్పుడు తీసిన ఫోటో. గురువారం, పదీ ఐదు. మిస్బా అరచేతులు రెండూ చాచి నవ్వుతోంది. అరచేతుల్లో పూలు బొగ్గులా నల్లగా ఉన్నాయి. హుస్సేన్ వలి రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి అరచేతి నుంచి మణికట్టుకు, అక్కడి నుంచి మోచేతి వైపుకు జరిపాడు. అక్కడ ఆగాడు.

ముంజేతి మీద సన్నటి తీగ. వెంట్రుకంత గీతలు. అవి నల్లగా లేవు. పచ్చి నారింజ రంగులో ఉన్నాయి.

"ఖలీల్, బొబ్బలు ఎక్కడిదాకా లేచాయి?"

"అరచేతుల్లోనే. పన్నెండింటికి దురద మొదలైనాది, ఒకటిన్నరకు బొబ్బలు లేసినాయి. మణికట్టు కాడ ఆగిపోయినాయి. నర్సమ్మ మంచిది, గాజులు కోయకుండా సబ్బు రాసి ఒకొకటే తీసింది. ఆపైన యేమీ లేదు."

"పైన కూడా ఈమె పెట్టిన మెహందీయే కదా?"

ఖలీల్ ఫోటో మీదికి వంగి చూశాడు.

"ఒకే మనిషి, ఒకే సాయంత్రం, ఒకే కోను. కింద కాలింది, పైన కాలలేదు. సరుకు రెండు రకాలుగా పాడైతే చేతులు కూడా రెండు మారి ఉండాలి," అంటూ హుస్సేన్ వలి లేచాడు. "పిల్ల గది చూస్తాను."

అప్పుడే వంటింట్లోంచి అమీనా బీ చాయ్ తెచ్చింది. మిస్బా తల్లి. నెత్తి మీద ఓడ్నీ నుదుటి దాకా లాక్కుని, దాని చెంగును కుడిచేతికి చుట్టుకుంది. ట్రేని బల్ల మీద పెట్టి, కప్పు తీసి అందించింది.

ఎడమచేత్తో.

హుస్సేన్ వలి ఒక్క క్షణం ఆలస్యంగా కప్పు అందుకున్నాడు. ఈ ఇంటికి ఆయన పదేళ్లుగా వస్తున్నాడు. అమీనా బీ ఎప్పుడూ ఎవరికీ ఎడమచేత్తో మంచినీళ్లు కూడా ఇచ్చిన మనిషి కాదు. చాయ్‌లో రెండు యాలకులు ఎక్కువ వేసింది. ఆయన గొంతు బాగుండదని ఆమెకు గుర్తుంది. కూతురు ఆస్పత్రిలో ఉన్న రోజున కూడా గుర్తుంది.

"నీళ్ల గ్లాసు నువ్వే పెట్టావామ్మా?" మెల్లగా అడిగాడు.

అమీనా బీ ఖాళీ ట్రే తీసుకుని వంటింట్లోకి తిరిగింది.

గది చిన్నది. ఆయన గడప దగ్గరే నిలబడి ఒకసారి చుట్టూ చూశాడు. తర్వాత ఒక్కొక్క అడుగే వేశాడు. మంచానికి కుడివైపు నేలమీద న్యూసుపేపరు, దాని మీద ఎండి రాలిన మెహందీ పెచ్చులు. కొన్ని వేళ్లతో నలిపి వాసన చూశాడు. నీలగిరి తైలం, నిమ్మ. పచ్చగోధుమ రంగు. ఇది జకియా మెహందీ. దిండు గలేబు మీద నారింజ మరకలు ఉన్నాయి. రాత్రంతా పిల్ల చేతులు దిండు మీదే పెట్టుకుని పడుకుంది. అంటే తెల్లవారేదాకా రంగు నారింజే.

మంచానికి ఎడమవైపు ఒక ప్లాస్టిక్ స్టూలు. జకియా కుడివైపు కూర్చుని పెట్టింది, పేపరూ అటే ఉంది. మరి ఎడమవైపు కూర్చున్నది ఎవరు? ఆయన వంగి స్టూలు కాళ్ల మధ్య నేలను చూశాడు. చిటికెనవేలి గోరంత నల్లమరక. తడిగుడ్డతో తుడిచినట్టు చుట్టూ గచ్చు మెరుస్తోంది. మరక మాత్రం పోలేదు. ముక్కు దగ్గర పెట్టి చూడబోతే ఆకు వాసన లేదు. సెలూన్లలో జుట్టుకు వేసే రంగు వాసన.

బీరువా మీద అట్టపెట్టె ఒకటి. అసిఫ్ కంపెనీ పేరు బంగారు అక్షరాలతో. లోపల మూడు గుంటలు. ఒకదాంట్లో ఖర్జూరం డబ్బా, రెండోదాంట్లో అత్తరు సీసా. మూడోది పొడుగ్గా, ఒక కొస సన్నగా ఉన్న గుంట. అది ఖాళీ.

"ఈ పెట్టె ఎప్పుడొచ్చింది?" తల తిప్పకుండానే అడిగాడు. ఖలీల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సోమవారం. ప్యాకేజీ తీసుకున్న అందరికీ ఇస్తారంట. భాయ్, నేను నలుగురిని అడిగి అడిగి ఇతన్ని పెట్టుకున్యా. అందరూ బాగా జేస్తాడనే చెప్పినారు. దేనికీ కాదనడు అన్యారు."

"దేనికీ కాదనడు, నిజమే. జకియా మాత్రం కాదంది. గురువారానికి పండదు అంది. వాళ్లిద్దర్లో ఎవరిని నమ్మాలో అప్పుడే తెలిసి ఉండాల్సింది." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. "నేనైనా అంతేలే. పెళ్లి పని నెత్తిన పడ్డప్పుడు సరేననే వాళ్లే ముద్దొస్తారు."

బయట కాలింగ్‌బెల్ మోగింది. తలుపు తీసేసరికి గంగక్క లోపలికి వచ్చింది. చేతిలో తడిగుడ్డ చుట్టిన బుట్ట. కింది అంతస్తులో ఉంటుంది, జగిత్యాల మనిషి. అబ్బాసియాలో సగం పెళ్లిళ్లకు మల్లెదండలు కట్టేది ఆమే.

"అమీనమ్మా, బిడ్డ ఎట్లున్నది? రేపటి పూలు కట్టన్నా, ఆపన్నా అని అడుగుదామని అచ్చిన," అంటూనే గదిలోని ముఖాలు చూసి గొంతు తగ్గించింది. "ఏమైంది సారూ?"

"గంగక్కా, పొద్దున వచ్చావా నువ్వు?"

"అచ్చిన. జడకు పొడుగు కొలుద్దామని. ఏడు గొట్టంగ."

"మిస్బా చేతులు చూశావా?"

"సూడకేం. నారింజపండు లెక్కున్నయ్. గింతేనా పండింది అని నేనే అన్న. అమీనమ్మ మొఖం గింతయింది. అయ్యో, అనకపోదును అనుకున్న."

"సరిగ్గా ఏడేనా?"

"నా బస్సు ఏడుంబావుకు. ఎక్కిన గద." గంగక్క బుట్ట దించింది. "గీ మెహందీ అంటెనే నాకు గుండె దడ. మా అన్న బిడ్డ అనురాధ పోయినేడు జుట్టుకు నల్లరంగు ఏసుకుంటె మొఖం గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. ఊపిరాడక ఆక్సిజన్ వెట్టిన్రు. డాక్టరు ఇంకోపారి తగిలితె పానం పోతదన్నడు. ఇగ దాని పెండ్లి ఆదివారం, ఫహాహీల్ల. గందుకే చెప్పిన, ఆకు మెహందీ తప్ప ఇంకోటి వద్దని."

హుస్సేన్ వలి జేబులోంచి పెన్ను తీసి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఏడు: నారింజ. పదీ ఐదు: నలుపు. పన్నెండు: దురద. ఒకటిన్నర: బొబ్బలు. మొదటి రెండింటికీ మధ్య మూడు గంటలు. అందులో ఎవరో ఒక గంట స్టూలు మీద కూర్చున్నారు.

ఆయన భార్య ఉన్న రోజుల్లో పండక్కి రెండు రోజుల ముందే ఆకు రుబ్బేది. మొదటిరోజు ఆయన చేయి చూసి, పండలేదే అని ఎగతాళి చేస్తే, 'ఆకుకు తొందరుండదు, తొందరంతా మనుషులకే' అనేది. ఆ మాట ఇన్నేళ్లకు ఒక కేసులో పనికొస్తుందని ఆయన అనుకోలేదు.

"నాలుగుంబావు," హాల్లోంచి అసిఫ్ కేకేశాడు. "ఖలాస్ చిచ్చా. ఖలీల్ భాయ్, యల్లా, జల్ది సంతకం చెయ్. స్టేషన్ దాకా నేనే తీస్కపోత."

"ఇంకో ఐదు నిమిషాలు."

"ఎందుకు? ఆమెకు వకాలత్తా? నువ్వు కూడా ఈ దేశపోళ్లు ఇచ్చిన పర్మిట్, ఇఖామా మీద బతికేటోనివే. ఇంటి వీసా మీద ఉన్నదాన్ని బయట పనికి పంపే ముఠాల నీ పేరు కూడా రాపిస్తె ఏం జేస్తవ్?"

జకియా ఏడవలేదు. గోడకు ఆనుకుని, "చిచ్చా, మగ్రిబ్‌లోపల మామా ఇంటికి పోకపోతే పారిపోయినానని రాపిస్తాది. మీరు పొండి. నా గురించి మీ పేరు పాడుజేసుకోవద్దు," అంది.

హుస్సేన్ వలి ఖలీల్ వైపు తిరిగాడు. "ఖలీల్, ఆస్పత్రికి ఫోన్ చేసి మిస్బా ఎట్లుందో కనుక్కో. బాల్కనీలో సిగ్నల్ బాగుంటుంది," అన్నాడు. ఖలీల్ వెళ్లాక వంటింటి గుమ్మంలో నిలబడి, వీపు హాలు వైపు పెట్టి, ఆమెకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"అమీనా, కుడిచెయ్యి చూపిస్తావా? నేను చూడకుండానే నువ్వే చెప్తే ఇంకా మంచిది."

ఆమె పొయ్యి కట్టేసింది. తర్వాత ఓడ్నీ చెంగు విప్పింది. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా ఉన్నాయి. రుద్ది రుద్ది తోలు లేచిపోయింది గానీ నలుపు పోలేదు.

"పదింటికి వియ్యపురాలు వస్తానన్యాది భాయ్. నా పెండ్లికి నా చేతులు పండలేదు. మా అత్త నలుగుర్లో నా చెయ్యి పట్టుకొని, ఈ పిల్ల మీద మొగుడికి ఎంత ప్రేముంటాదో సూడండి అని నవ్వినాది. ఇరవై నాలుగేండ్లు ఆ మాట మోసినా. నా కూతురికి అది వద్దనుకున్యా." నల్లబడిన వేళ్లు ముడుచుకుంది. "గంగక్క పోయినాక పిల్ల మళ్లా నిద్రపోయినాది. ఎనిమిదింటికి ఆ పెట్టెలో కోను తీసి, జకియా గీసిన గీతల మీదనే అద్దినా. అరచేతులు రెండూ. తొమ్మిదికి తుడిచేసరికి నల్లగా పండింది. లేసి సూసుకొని పిల్ల ఎంత మురిసిపోయిందో! జకియా చేతి మహిమ అన్యాది. నేను కాదనలేదు."

"మిస్బాకు ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లయిందా?"

"పోయిన ఈద్‌కు మాల్‌లో చేతి మీద నల్లబొమ్మ ఏయించుకుంటే రెండు దినాలు దురదపెట్టినాది. అంతే అనుకున్యా."

"జకియాకు రగ్గు వేసింది నువ్వే."

"ఆ పిల్ల అట్లా గచ్చు మీద కూర్చుంటే..." ఆమె తలుపుకు ఒరిగింది. "ఆయనకు తెలిస్తే నన్ను బతకనియ్యడు భాయ్. మిస్బా నా ముఖం సూడదు."

"డాక్టరుకు ఏం పూశారో తెలియాలి. నువ్వు చెప్పిన మాటతో నీ కూతురికి మందు తగులుతుంది. ముందు అది. కోను ఎక్కడుంది?"

అమీనా బీ గోధుమపిండి డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిండి అంటిన కోను బయటికి లాగింది. సగం వాడింది. ఆమె దాన్ని ఆయనకు ఇవ్వలేదు. తనే హాల్లోకి నడిచింది. బాల్కనీ నుంచి వచ్చిన భర్త ఎదురుగా నిలబడి, నల్లబడిన వేళ్లు చాచి, "జకియా కాదు. నేను," అంది.

ఖలీల్ చెయ్యి లేచింది. హుస్సేన్ వలి మధ్యలోకి రాలేదు. "ఖలీల్, మిస్బా ఏమంది?" అని మాత్రం అడిగాడు.

లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. కాసేపటికి కిందికి దిగింది. "అమ్మ అన్నం తినిందా అని అడిగింది," అన్నాడు ఖలీల్. అని సోఫా చేతి మీద కూలబడి ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

అసిఫ్ అప్పటికే ఫైలు చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఇది మీ ఇంటి లొల్లి. మా కోను వంద శాతం ఆకుతోనే చేసింది. పెట్టె మీద రాసి ఉంది. ఆమె ఇంకేం కలిపిందో నాకేం ఎరుక?"

"సంతోషం." హుస్సేన్ వలి అమీనా చేతిలోని కోను తీసుకుని, కొస తుడిచి, అతని ముందు పట్టుకున్నాడు. స్టూలు కింది మరకదే వాసన, జుట్టు రంగుది. "వంద శాతం ఆకే కదా. నీ చేతి మీద ఒక్క గీత గీసుకో. నేను క్షమాపణ చెప్పి వెళ్లిపోతాను."

"నేనేం పెళ్లికూతురినా?"

"ఒక్క గీత అసిఫ్. మీ పిల్లల చేతుల మీద వద్దులే, నీ చేతి మీదే."

అసిఫ్ కుడిచెయ్యి అనుకోకుండానే వెనక్కి పోయింది. గంగక్క అది చూసి, "ఓయమ్మ, చెయ్యి దాస్కుంటున్నడు!" అని బుగ్గ మీద వేలేసుకుంది.

"ఆ కాయితం కూడా ఇట్లా ఇవ్వు. సంతకం పెట్టకముందు చదవడం నా అలవాటు." అతను ఇచ్చేదాకా ఆగకుండా, చంకలోని ఫైలు పైనున్న కాయితాన్ని లాక్కున్నాడు. అరబీలో టైపు చేసిన ఫిర్యాదు. సర్వేయరు పనిలో ఆయన ఇలాంటివి వేలల్లో చదివాడు. ముందు చివరి నుంచి చదివాడు. అదీ అలవాటే. పేజీ అడుగున చీమతలంత అంకెలు.

చదివి, గడియారం చూసుకోవడం మరిచిపోయాడు.

"ఖలీల్, నువ్వు అసిఫ్‌కు ఎన్నింటికి ఫోన్ చేశావు?"

"ఈ మధ్యానం. రెండుంబావుకు. ఆస్పత్రి నుంచి."

"ఇందులో మెహందీ పెట్టిన ఆడమనిషి నాసిరకం మందు కలపడం వల్ల పెళ్లికూతురి చేతులు కాలాయని టైపు చేసి ఉంది. మిస్బా పేరు, జకియా పేరు మాత్రం నీలం పెన్నుతో నింపారు. టైపింగ్ ఆఫీసులో ఇది అచ్చయింది ఈరోజు కాదు. ఆదివారం, పొద్దున పదీ యాభై రెండుకు."

ఆయన ఆ అంకెల మీద వేలు పెట్టి ఖలీల్‌కు చూపించాడు.

"ఆదివారం నాటికి జకియా ఈ ఇంటి మెట్లు ఎక్కలేదు. ఆ పెట్టె కూడా రాలేదు. సోమవారం వచ్చింది. మరి ఆదివారమే చేతులు కాలిన పెళ్లికూతురు ఎవరు అసిఫ్? ఆమె ఉంది కాబట్టే కోను సంగతి నీకు తెలుసు. తెలిసి కూడా మర్నాడు ఇక్కడికి పంపించావు."

"పక్కకు జరుగు!" అసిఫ్ కాయితం కోసం దూకాడు. హుస్సేన్ వలి చెయ్యి పైకెత్తాడు. అసిఫ్ చంకలోని ఫైలు జారింది. కాయితాలు నేలంతా పరుచుకున్నాయి. ఫైలులో దోపిన ఫోను, బతాకా జకియా రగ్గు దాకా జారాయి. ఆమె వాటి మీద చెయ్యి వేసింది. అసిఫ్ ఒక్క క్షణం కాయితాల వైపు, తలుపుకు అడ్డంగా లేచిన ఖలీల్ వైపు చూశాడు. ఖలీల్‌ను భుజంతో తోసి, మెట్లు దూకుతూ దిగిపోయాడు. ఖలీల్ వెంటపడబోతే హుస్సేన్ వలి ఆపాడు.

"వాడు ఎక్కడికీ పోడు. పోవాలన్నా ఎయిర్‌పోర్టు ఒకటే దారి. ముందు ఆస్పత్రికి పో. ఈ కోను డాక్టరు చేతికియ్యి. అమీనాను వెంట తీసుకుపో. దారిలో ఏమీ అనొద్దు."

ఆయన వంగి కాయితాలు ఏరాడు. ఒకటి, రెండు, మూడు... మొత్తం ఆరు. అన్నీ అదే టైపు, అదే ఆదివారం, అదే పదీ యాభై రెండు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఇలాంటివి చూశాడు గానీ, నష్టం జరగకముందే నష్టానికి కారణం రాసిపెట్టుకున్న మనిషిని చూడలేదు. ఐదు ఖాళీ. ఆరోదాంట్లో పెళ్లికూతురి పేరు మాత్రం ముందే నింపి ఉంది. మెహందీ పెట్టిన మనిషి పేరు చోటు ఖాళీ.

"గంగక్కా," అన్నాడు. "మీ అన్న పేరేమిటి?"

"భూమేశ్. ఏమైంది సారూ?"

కాయితంలో తండ్రి పేరు కూడా ఉంది. ఫహాహీల్ కూడా ఉంది.

"అనురాధ పెళ్లి ప్యాకేజీ ఎవరికిచ్చారు?"

"గీ అసిఫ్‌కే గద. పెట్టె గూడ అచ్చింది, మంచి అత్తరని మా వదిన..." గంగక్క మాట మధ్యలో ఆగిపోయింది. గుమ్మం దగ్గర ఖలీల్ చేతిలోని కోను చూసింది. అట్టపెట్టెలో ఖాళీ గుంట ఆమె చూడలేదు. అయినా అర్థమైంది. "మెహందీకి వాళ్ల మనిషే అస్తదట సారూ. మా వదిన ఆకుదేనా అనడిగితె ఆకుదే అన్నడట. ఇయ్యాల్లనే. నాలుగింటికి."

నాలుగూ నలభై రెండు.

గంగక్క ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. హుస్సేన్ వలి కారు తాళాలు తీసుకున్నాడు. వెనక బతాకాను జేబులో దోపుకుంటూ జకియా లేచి నిలబడింది. మగ్రిబ్‌కు ఇంకో గంట. ఆమెకు స్వేచ్ఛ దొరికి ఇంకా ఐదు నిమిషాలు కాలేదు.

"నువ్వు మామా ఇంటికి పో తల్లీ. టైముంది."

"ఆకుదో కాదో వాసన సూసి చెప్పేది నేనే గదా చిచ్చా. ఎట్లా కడగాలో కూడా నాకే తెలుసు," అంటూ ఆమె ముందు మెట్లు దిగింది.

ఫోను మోగుతూనే ఉంది. వదిన ఎత్తలేదు. అన్న ఎత్తలేదు. గంగక్క మెట్ల మీదే మూడోసారి అనురాధ నంబరు నొక్కింది. పది సార్లు మోగింది. పదిహేను.

"ఎత్తదేంది! ఎప్పుడు ఫోను చేతిలనే ఉంటది గద అది!"

హుస్సేన్ వలి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. జవాబు ఆయనకు తెలుసు. జకియాకూ తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ గంగక్కతో చెప్పలేదు. రెండు చేతుల నిండా తడి మెహందీ ఉన్న పిల్ల ఫోనెట్లా ఎత్తుతుంది?